ఆకారానికి కర్త ఎవరు?

గాజు కుప్పెలో పసుపు రంగు ద్రవం సన్నగా మరుగుతూ ఉంటుంది. ఆ పసుపు వెండి వల్ల వచ్చింది. వెంట్రుక మందాన్ని వెయ్యి పాళ్లు చేస్తే ఒక పాలు ఎంత ఉంటుందో, ఇంచుమించు అంత అంచు పొడవున్న వెండి ఘనాలు అందులో కోటానుకోట్లు తేలుతుంటాయి. వాటి మీద క్లోరోఆరిక్ ఆమ్లం, అంటే బంగారం కరిగి ఉన్న ద్రావణం, చుక్క చుక్కగా పడుతుంది. పసుపు నారింజకు తిరుగుతుంది, నారింజ ఎరుపెక్కుతుంది, ఎరుపు ఊదాలోకి జారుతుంది, చివరికి ద్రవమంతా నీలమవుతుంది. రంగులు మారే ఆ కాస్త వ్యవధిలో ఒక్కొక్క వెండి ఘనం ఒక్కొక్క బంగారు పెట్టె అయిపోయింది. గోడలు పలచన. లోపల ఏమీ లేదు.

అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న యూగాంగ్ సున్, యూనాన్ షియా ఈ పనిని 2002లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. వెండి, బంగారు నానోకణాలను అనుకున్న ఆకారంలో చేయడమే ఆ పత్రం విషయం. ఆ తర్వాత ఈ విద్య బాగా విస్తరించింది. పెట్టెలతో పాటు చిల్లుల పంజరాలు, గొట్టాలు, అంచులు మాత్రమే మిగిలిన చట్రాలు వచ్చాయి. బోలుతనం కోసం ఇంత శ్రమ ఎందుకంటే అది లోహపు ప్రవర్తననే మార్చేస్తుంది. గట్టిగా నిండి ఉన్న చిన్న బంగారు గోళం 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని పీల్చుకుని ఎర్రగా కనిపిస్తుంది. అదే బంగారం బోలు పెట్టెగా మారితే, గోడ పలచబడే కొద్దీ పీల్చే కాంతి ఎరుపు వైపు జరిగి, 800 నానోమీటర్లను కూడా చేరుతుంది. మనిషి కండరాల గుండా, చర్మం గుండా ఎక్కువ లోతుకు చొచ్చుకుపోయే కాంతి అదే. శరీరం లోపలి కణితులను చూడటానికీ వేడితో కాల్చడానికీ ఈ పెట్టెలు పనికొస్తాయన్న ఆశతో పరిశోధనలు సాగడానికి కారణం ఇది.

ఉపయోగాల గురించి రాసేవారు చాలామందే ఉన్నారు. ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న వేరు. ఆ పెట్టెకు ఆ ఆకారం ఎవరు ఇచ్చారు? ప్రయోగం చేసిన శాస్త్రవేత్తా? కరిగిపోయిన వెండా? వచ్చి చేరిన బంగారమా? వీటన్నిటినీ కలిపి ఉడికించిన ద్రావణమా? కార్యం కారణంలో ముందే ఉందా, కొత్తగా పుడుతుందా, చేసేవాడి పాత్ర ఎంత అని భారతీయ దర్శనాలు రెండు వేల ఏళ్లుగా వాదించుకుంటున్నాయి. ఆ వాదన నేటి ప్రయోగశాల బల్ల మీద కూడా బతికే ఉంది. పైగా అక్కడ దాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించే వీలుంది.

ముందు ఒక హెచ్చరిక చెప్పుకోవాలి. మన పూర్వులకు నానో విజ్ఞానం తెలుసని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వైశేషిక దర్శనకర్త కణాదుడికి గానీ బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడికి గానీ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లేదు, వారు అలాంటిది ఉందని చెప్పుకోనూ లేదు. వారు అడిగిన ప్రశ్నలు గట్టివి. ఆ ప్రశ్నలకు గౌరవం ఇవ్వడమంటే వాటిని కొత్త వస్తువు ముందు నిలబెట్టి, ఎంతవరకు నిలుస్తాయో చూడటమే.

మొదట వెండి ఘనం. ఇథిలీన్ గ్లైకాల్‌ను 160 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసి, అందులో సిల్వర్ నైట్రేట్‌నూ పీవీపీ అనే పాలిమర్‌నూ కలుపుతారు. వేడికి గ్లైకాల్ నుంచి పుట్టే పదార్థం వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చి లోహంగా మారుస్తుంది. పరమాణువులు గుమిగూడి బీజాలవుతాయి. అన్నీ ఒకే రకం బీజాలు కావు. కొన్నిటి నిర్మాణంలో ఒకే క్రమం ఉంటుంది, కొన్నిటిలో రెండు మూడు క్రమాలు అతుక్కుని మధ్యలో లోపాలు ఉంటాయి. గాలి నుంచి కలిసే ఆక్సిజన్, ద్రావణంలోని క్లోరైడ్ కలిసి ఆ లోపాలున్న బీజాలను ముందుగా కరిగించేస్తాయి. లోపం లేనివి మిగిలి పెరుగుతాయి. అవి పెరిగేటప్పుడు పీవీపీ వెండి స్ఫటికపు కొన్ని ముఖాలను గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్న ముఖాల మీద కొత్త వెండి నెమ్మదిగా చేరుతుంది, తక్కిన చోట్ల వేగంగా చేరుతుంది. వేగంగా పెరిగే ముఖాలు కుంచించుకుపోయి మాయమవుతాయి. నెమ్మదిగా పెరిగిన ఆరు ముఖాలు మిగులుతాయి. అదే ఘనం.

ఎవరూ పట్టుకోకపోతే ఏమయ్యేది? రష్యన్ స్ఫటిక శాస్త్రవేత్త గియోర్గ్ వుల్ఫ్ 1901లోనే దీనికి దారి చూపాడు. ఒక్కో ముఖానికి ఎంత ఉపరితల శక్తి ఉంటుందో తెలిస్తే, ఆ స్ఫటికం చివరికి ఏ ఆకారంలో స్థిరపడుతుందో గీసి చూపవచ్చు. వెండి, బంగారం లాంటి లోహాలకు ఆ సహజ రూపం మూలలు కోసేసిన అష్టముఖి. అంటే ఘనం వెండి తనంతట తాను కోరుకున్న రూపం కాదు. అలాగని వెండికి పరాయి రూపమూ కాదు, ఎందుకంటే ఘనంగా మారడానికి కావలసిన ముఖాలు దాని పరమాణువుల అమరికలోనే ఉన్నాయి. పీవీపీ ఎంత పోసినా ఆ అమరికలో లేని ముఖాన్ని పుట్టించలేదు.

సాంఖ్యులు ఇక్కడ తలాడిస్తారు. కార్యం కారణంలో ముందే అవ్యక్తంగా ఉంటుందనీ, అది వ్యక్తం కావడమే పుట్టుక అనీ వారి సిద్ధాంతం. ఘనం వెండిలో దాగి ఉంది, బయటపడింది అంటారు. నైయాయికులు ఒప్పుకోరు. ముందే ఉంటే తయారు చేయడమెందుకు, ఘనం లేనప్పుడు లేదు, ఇప్పుడు కొత్తగా వచ్చింది అంటారు. ఈ ఇద్దరిలో వెండి ఎవరి పక్షం? వాస్తవం చూస్తే సాంఖ్యులకు ఒక చిక్కు ఎదురవుతుంది. అదే సిల్వర్ నైట్రేట్, అదే గ్లైకాల్, అదే పీవీపీ, పరిస్థితులు కొద్దిగా మారితే పొడవాటి తీగలవుతాయి, లేదా గోళాలవుతాయి. అన్ని రూపాలూ లోపలే దాగి ఉన్నాయని చెప్పుకోవచ్చు. కానీ అన్నీ ఉన్నప్పుడు ఇదే ఎందుకు బయటికి వచ్చిందన్న దానికి ‘దాగి ఉంది’ అన్న మాట సమాధానం కాదు. నైయాయికులకూ ఒక చిక్కు ఉంది. ఘనం పూర్తిగా కొత్తదే అయితే, వెండి ఎప్పుడూ ఆ కొద్దిపాటి రూపాల పరిధిలోనే ఎందుకు తిరుగుతుంది?

నాగార్జునుడు ఈ రెండు దారుల మధ్యనే తన వాదం నడిపాడు. క్రీస్తు శకం 2వ శతాబ్దం ప్రాంతపు ఈ బౌద్ధ ఆచార్యుణ్ణి కృష్ణా తీరంలోని శ్రీపర్వతంతో, మన నాగార్జునకొండతో, సంప్రదాయం ముడిపెడుతుంది. ఆయన మూలమధ్యమకకారిక మొదటి ప్రకరణమే కారణాల పరీక్ష. వస్తువు తన నుంచి తాను పుట్టదు, వేరొకదాని నుంచి పుట్టదు, రెండిటి నుంచీ పుట్టదు, కారణం లేకుండానూ పుట్టదు అంటాడు. మొదటిసారి చదివినవారికి ఇది అన్నిటినీ కాదనడంలా ఉంటుంది. ఘనాన్ని ముందు పెట్టుకుని చదివితే అర్థం తేటపడుతుంది. ఘనం వెండిలో లేదు, పీవీపీలో లేదు, గ్లైకాల్‌లో లేదు, ఆక్సిజన్‌లో లేదు. వీటన్నిటినీ విడివిడిగా వెతికినా దొరకదు. ఇవి ఒకదాని మీద ఒకటి ఆధారపడి కలిసినప్పుడు మాత్రం ఉంది. సొంత స్వభావంతో తనంతట నిలిచేది ఏదీ లేదన్నదే ఆయన చెప్పిన శూన్యత.

బంగారు పెట్టె లోపలి ఖాళీని నాగార్జునుడి శూన్యతతో పోల్చి మురిసిపోవడం తేలిక. ఆ పోలిక తప్పు. పెట్టె లోపలిది వెండి లేకపోవడం, అంతే. నాగార్జునుడి లెక్కలో నిండుగా ఉన్న వెండి ఘనం ఎంత శూన్యమో బోలు పెట్టె కూడా అంతే శూన్యం. పెట్టె గోడకూ అదే వర్తిస్తుంది. లోపలి ఖాళీ గురించి మాట్లాడాలంటే మరో పాఠశాల తలుపు తట్టాలి.

ఆ పాఠశాల న్యాయ వైశేషికులది. దాని సారాన్ని చిన్న పుస్తకంలో ఇమిడ్చినవాడు తెలుగువాడైన అన్నంభట్టు. 17వ శతాబ్దంలో ఆయన రాసిన తర్కసంగ్రహం నేటికీ దేశమంతటా సంస్కృత తర్కానికి తొలి పాఠ్యపుస్తకం. అందులో ఏడు పదార్థాలు చెబుతాడు. ఏడవది అభావం. లేకపోవడం కూడా ఒక పదార్థమే, లోకంలో ఉన్నవాటి పట్టికలో దానికీ చోటుందన్నమాట. ఆ అభావాన్ని నాలుగుగా విడదీశాడు. పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం. నాశనమైన తర్వాత లేకపోవడం ప్రధ్వంసాభావం. ఎప్పటికీ లేకపోవడం అత్యంతాభావం. ఇది అది కాకపోవడం అన్యోన్యాభావం.

పెట్టె లోపలి ఖాళీ వీటిలో ఏది? సందేహం లేకుండా ప్రధ్వంసాభావం. అక్కడ ఒకప్పుడు వెండి ఉంది, ఒక క్షణాన పోవడం మొదలైంది, మళ్లీ ఆ వెండి అక్కడికి రాదు. మొదలు ఉంది, అంతం లేదు అన్న తర్కసంగ్రహ లక్షణం దీనికి చక్కగా అతుకుతుంది. ఈ ఖాళీ పరిమాణం కూడా యాదృచ్ఛికం కాదు. క్లోరోఆరిక్ ఆమ్లంలో ఒక్కో బంగారు అయాన్ లోహంగా మారాలంటే మూడు ఎలక్ట్రాన్లు కావాలి. వెండి పరమాణువు ఒక్కటే ఇవ్వగలదు. కాబట్టి ఒక్క బంగారు పరమాణువు వచ్చి కూర్చోవాలంటే మూడు వెండి పరమాణువులు కరిగిపోవాలి. మూడు పోయి ఒకటి వస్తే లోపల ఖాళీ మిగలక తప్పదు. ఒకే ఎలక్ట్రాన్ చాలే రకం బంగారు లవణం వాడి చూసినప్పుడు ఒకటికి ఒకటి మారి, గోడలు మందంగా వచ్చాయి. లేకపోవడానికి కూడా ఇంత కచ్చితమైన లెక్క ఉంటే, దాన్ని పదార్థాల పట్టికలో చేర్చిన వైశేషికులను కాదనడం కష్టం.

మీమాంసకుల్లో ప్రాభాకరులు మాత్రం కాదన్నారు. కుండ లేని నేల అంటే వట్టి నేలే, ‘కుండ లేకపోవడం’ అని రెండో వస్తువు అక్కడ లేదని వారి వాదం. కుమారిలభట్టు అనుయాయులు అభావాన్ని ఒప్పుకుని, అది తెలియడానికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణం ఉందన్నారు. కనిపించవలసింది కనిపించకపోవడమే ఆ ప్రమాణం. నైయాయికులు ప్రత్యేక ప్రమాణం అక్కర్లేదు, కంటితోనే తెలుస్తుందన్నారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న విద్యార్థికి ఇది పుస్తకాల గొడవ కాదు. తెర మీద పెట్టె అంచు నల్లగా, మధ్య భాగం లేతగా కనిపిస్తుంది. గట్టి ఘనమైతే మధ్యలో ఎలక్ట్రాన్లను అడ్డుకునే లోహం ఎక్కువ ఉండి ముదురుగా ఉండాలి. ఉండవలసిన ముదురు లేదు కాబట్టి బోలు అని తెలుస్తుంది. కుమారిలుడి అనుపలబ్ధి ఇదే తీరు. ఇక ద్రవం నీలంగా మారడం మామూలు కంటికే కనిపిస్తుంది. లేకపోవడం కార్యాన్ని పుట్టిస్తుందా అన్న పాత సందేహానికి ఆ నీలం గట్టి సాక్ష్యం. అంతే కొలతల బంగారు ఘనం లోపల నిండుగా ఉంటే ఆ రంగు రాదు.

ఖాళీ పనిచేస్తుందనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం ఒకటి లోహశాస్త్రంలో ఉంది. 1947లో అమెరికన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ కిర్కెండాల్, తన విద్యార్థి స్మిగెల్‌స్కాస్‌తో కలిసి ఒక ప్రయోగం ప్రకటించాడు. ఇత్తడి దిమ్మకు సన్నని మాలిబ్డినం తీగలు చుట్టి, పైన రాగి పూత పెట్టి, వేడిలో రోజుల తరబడి ఉంచారు. తీగలు లోపలికి జరిగాయి. మాలిబ్డినం ఎటూ కదిలేది కాదు. ఇత్తడిలోని జింకు వేగంగా బయటికి పోయింది, రాగి అంత వేగంగా లోపలికి రాలేదు. లోహాల్లో పరమాణువులు పక్కపక్కన చోట్లు మార్చుకుంటాయని అప్పటివరకు అందరి నమ్మకం. అది నిజమైతే తీగలు కదలకూడదు. పరమాణువులు ఖాళీ చోట్లలోకి దూకుతూ కదులుతాయని, ఆ ఖాళీలు ఎదురు దిశలో ప్రయాణిస్తాయని లోకం ఒప్పుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో పెద్దలు ఈ ఫలితాన్ని సులభంగా నమ్మలేదు. 2004లో బర్క్‌లీలో యాడోంగ్ యిన్, పాల్ అలివిసాటోస్ బృందం కోబాల్ట్ నానోస్ఫటికాలకు గంధకంతో చర్య జరిపినప్పుడు ఇదే జరిగింది. కోబాల్ట్ బయటికి పోయినంత వేగంగా గంధకం లోపలికి రాలేదు. ఖాళీలు మధ్యలో పోగై, బోలు కోబాల్ట్ సల్ఫైడ్ గోళాలు వచ్చాయి. ఏ అచ్చూ లేకుండా, రెండు వేగాల తేడా ఒక్కటే ఆ బోలును చేసింది.

అచ్చు మాట వచ్చింది కాబట్టి ఆదిలాబాద్ డోక్రా పనిని గుర్తు చేసుకోవాలి. ఓజా కళాకారులు మట్టి గుజ్జు మీద మైనపు తీగలతో బొమ్మ చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. మైనం తన రూపం ఇచ్చి తాను పోతుంది. వెండి ఘనం చేసే పని అలాంటిదే అనిపిస్తుంది. తేడా కూడా ముఖ్యమైనది. మైనం పోయాకే ఇత్తడి వస్తుంది, మధ్యలో ఆ రూపాన్ని మట్టి కాపాడుతుంది. ఇక్కడ వెండి పోవడమే బంగారం రావడానికి ఖరీదు. రెండూ ఒకే క్షణంలో, ఒకే కణం మీద జరుగుతాయి. రూపాన్ని కాపాడే మూడో వస్తువు లేదు.

అందుకే అన్నంభట్టు చెప్పిన మూడు కారణాల విభజన ఇక్కడ ఇరుకున పడుతుంది. బట్టకు దారాలు సమవాయి కారణం, దారాల కూర్పు అసమవాయి కారణం, మగ్గం, నేతగాడు నిమిత్త కారణం. మరి పెట్టెకు వెండి ఏ కారణం? రూపమిచ్చి తొలగిపోయేదైతే నిమిత్తం. కానీ కొంత వెండి బంగారంతో కలిసి గోడలోనే మిశ్రమలోహంగా ఉండిపోతుంది, ఆ మేరకు సమవాయి. ఎలక్ట్రాన్లు ఇచ్చి బంగారాన్ని లోహంగా మార్చేదీ అదే. ఇంకా బంగారు ద్రావణం పోస్తే గోడలోని ఆ వెండి కూడా పోయి, పెట్టె పంజరమవుతుంది. ఆ చిల్లులు ఎక్కడ పడాలో కూడా మొదటి వెండే నిర్ణయిస్తుంది. మూలలు గుండ్రంగా ఉన్న ఘనంతో మొదలుపెడితే చిల్లులు మూలల్లో పడతాయి, ఎందుకంటే అక్కడ పీవీపీ పట్టు తక్కువ. మూలలు పదునుగా ఉంటే చిల్లులు ముఖాల మీద చెదురుమదురుగా వస్తాయి. ఒకే వస్తువు మూడు పాత్రలు పోషిస్తుంటే గీసిన గళ్లను కాస్త వెడల్పు చేయక తప్పదు. తర్కశాస్త్రానికి ఇది అవమానం కాదు.

ఇక చేసేవాడి సంగతి. ఈ రంగంలో ఒక కథ ప్రతి విద్యార్థికీ చెప్పవలసినది. బంగారు కడ్డీల్లాంటి నానోకణాలు తయారు చేయడానికి సీటాబ్ అనే సబ్బు లాంటి రసాయనం వాడతారు. ఒకే పద్ధతి, ఒకే కొలతలు పాటించినా కొన్ని చోట్ల కడ్డీలు వచ్చేవి, కొన్ని చోట్ల వచ్చేవి కావు. 2008లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో డానియెల్ స్మిత్, బ్రయాన్ కోర్గెల్ పదిమంది అమ్మకందారుల నుంచి సీటాబ్ తెచ్చి ఒకే తీరున ప్రయోగం చేశారు. మూడింటితో గుండ్రటి కణాలే వచ్చాయి, కడ్డీలు రాలేదు. మరుసటి ఏడాది వారి బృందం కారణం పట్టుకుంది. అది ఆ సీటాబ్‌లో జాడమాత్రంగా మలినమై ఉన్న అయోడైడ్. అదే 2008లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చాడ్ మిర్కిన్ బృందం మరో సంగతి చూపింది. బంగారు త్రిభుజ ఫలకాలు చక్కగా రావాలంటే ఆ అయోడైడే కావాలి. కడ్డీకి దోషమైనది ఫలకానికి ప్రాణం. వెండి ఘనాల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. గ్లైకాల్‌లో జాడమాత్రంగా ఉండే ఇనుము ఘనం రావాలా, తీగ రావాలా అన్నదాన్ని ప్రభావితం చేస్తుందని 2005లో షియా బృందమే ప్రకటించింది.

ఇన్నాళ్లూ కడ్డీని తామే చేస్తున్నామనుకున్నవారి పనిలో, వారికి తెలియని సహకర్త ఒకడు సీసాలో ఉన్నాడు.

భగవద్గీత 18వ అధ్యాయంలో కృష్ణుడు ప్రతి కర్మకూ ఐదు కారణాలు చెబుతాడు. అధిష్ఠానం, కర్త, రకరకాల కరణాలు, వేర్వేరు చేష్టలు, ఐదవది దైవం. ఇన్ని ఉండగా తానొక్కడే చేస్తున్నానని చూసేవాడు సరిగా చూడటం లేదని వెంటనే అంటాడు. ప్రయోగశాలలో మొదటి నాలుగూ తేలిగ్గానే గుర్తుపట్టవచ్చు. కుప్పె, వేడి, ద్రావణం ఆధారం. పరిశోధకుడు కర్త. రసాయనాలు, పరికరాలు కరణాలు. చుక్క చుక్కగా పోయడం, కలియతిప్పడం చేష్టలు. ఐదవ స్థానంలో అయోడైడ్‌ను కూర్చోబెట్టాలని మనసు పరిగెడుతుంది. ఆ తొందర వద్దు. శంకరులు దైవమంటే ఇంద్రియాలకు ఆసరాగా ఉండే సూర్యుడు మొదలైన దేవతలన్నారు. రామానుజులు అంతర్యామి అయిన పరమాత్మ అన్నారు. ఇద్దరిలో ఎవరి మాటా ‘మనకు తెలియని మలినం’ అన్న అర్థం ఇవ్వదు. అయోడైడ్ పేరు తెలిసిన మరుక్షణం కరణాల వరుసలోకి వచ్చేసింది. తెలియనిదాన్నల్లా దైవమంటే, ప్రతి కొత్త పరికరంతో దైవం కుంచించుకుపోతుంది. భక్తుడికి అది మేలు చేయదు, పరిశోధకుడికీ చేయదు.

ఐదవ స్థానం ఖాళీ అయిందా? కాలేదు. వెండి కంటే బంగారం ఎలక్ట్రాన్లను గట్టిగా ఎందుకు లాక్కుంటుంది? ప్రమాణ పరిస్థితుల్లో క్లోరోఆరేట్ బంగారానికి ఆ లాగుడు దాదాపు 1 వోల్టు, వెండి అయాన్‌కు 0.8 వోల్టు. ఆ తేడా వల్లే వెండి కరిగి బంగారం పేరుకుంటుంది. ఈ అంకెల్లో ఒక్కదాన్నీ షియా నిర్ణయించలేదు, మరెవరూ నిర్ణయించలేరు. వాటిని క్వాంటమ్ సిద్ధాంతంతో వివరించవచ్చు, లెక్కగట్టవచ్చు. వివరించాక కూడా అవి మనిషికి దొరికినవే తప్ప మనిషి చేసినవి కావు. ఆస్తికుడు దీన్ని ఈశ్వర సంకల్పమంటాడు, నాస్తికుడు ప్రకృతి నియమమంటాడు. పేరు ఏదైనా, చేసేవాడి చేతిలో లేని ఒక పాలు ప్రతి పనిలోనూ ఉందని ఒప్పుకోవడానికి ఇద్దరికీ అడ్డు లేదు. రామానుజుల వ్యాఖ్యలో మరో మంచి మాట ఉంది. పరమాత్మ అనుమతితోనే అయినా జీవుడు నిజంగానే కర్త. అందువల్లే విధి నిషేధాలకు అర్థం ఉంది.

ఈ మాటను గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే ఎదుటి వైపు కూడా ఒక పొరపాటు పొంచి ఉంది. అన్నీ కారణాల కలయికే అయితే మనిషి చేసేదేముందని చేతులు ముడుచుకోవచ్చు. రసాయన శాస్త్రం దాన్ని ఒప్పుకోదు. వెండి ఘనాల మీద బంగారం పడేటప్పుడు ద్రావణానికి తగిన క్షారగుణం ఇచ్చి ఆస్కార్బిక్ ఆమ్లాన్ని, మనం విటమిన్ సి అనేదాన్ని, కలిపితే బంగారానికి ఎలక్ట్రాన్లు అదే ఇస్తుంది. వెండి కరగనక్కర్లేదు. లోపల వెండి, పైన బంగారు తొడుగుతో నిండు కణాలు వస్తాయి. వోల్టుల తేడా అలాగే ఉంది, లోహాలూ అవే. ఒక మనిషి ఆలోచించి, కలిపిన ఒక్క పదార్థం వల్ల బోలు రావలసిన చోట నిండుదనం వచ్చింది. ఆ ఒక్క నిర్ణయం చిన్నదేమీ కాదు.

2014లో బర్క్‌లీకి చెందిన పీడాంగ్ యాంగ్, ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలకు చెందిన వోజిస్లావ్ స్టామెన్‌కోవిచ్ బృందాలు ప్రకటించిన ప్లాటినం చట్రాలు కూడా ఇదే చెబుతాయి. ప్లాటినం, నికెల్ కలిసిన నిండు కణాలను ద్రావణంలో గాలి తగిలేలా రెండు వారాలు ఉంచితే నికెల్‌లో ఎక్కువ భాగం కరిగిపోయి, అంచుల చట్రం మాత్రమే మిగిలింది. ఇంధన ఘటాల్లో ఆక్సిజన్ చర్యకు ఆ చట్రాలు, బరువుకు బరువు, అప్పటి మేలురకం ప్లాటినం కార్బన్ ఉత్ప్రేరకం కంటే 36 రెట్లు చురుగ్గా పనిచేశాయి. ఆ రెండు వారాలూ పనిచేసింది గాలి. అయితే గాలి తగిలేలా ఉంచిన ప్రతి సీసాలోనూ చట్రాలు పుట్టవు. ప్లాటినం ఎక్కువగా అంచుల్లో చేరేలా కణాన్ని ముందుగా చేసినవారు, మారిన కణాన్ని పారబోయకుండా సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినవారు ఉన్నారు కాబట్టి ఆ చట్రం లోకానికి తెలిసింది.

కాబట్టి ‘ఆకార నియంత్రణ’ అన్న మాట శాస్త్ర పత్రాల శీర్షికల్లో ఉండటం తప్పు కాదు. ఆ మాట వెనుక ఒక్కడే కర్త ఉన్నాడనుకోవడం మాత్రం తప్పు. నాగార్జునుడి పరీక్ష ఆ ఒక్కణ్ణి సింహాసనం దింపుతుంది. గీత అతణ్ణి ఐదుగురిలో ఒకడిగా కూర్చోబెడుతుంది. రెండిటిలో గీత లెక్కే ప్రయోగశాలకు ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే అది కర్తను తగ్గిస్తుందే గానీ తీసేయదు. తన వంతు ఒక పాలే అని తెలిసినవాడు మిగతా నాలుగు పాళ్లను వెతుకుతాడు, రాసి పెడతాడు. తానే అంతా అనుకున్నవాడు సీటాబ్ సీసా మీద పేరు కూడా చూడడు.

హైదరాబాద్ నుంచి హ్యూస్టన్ దాకా రసాయన ప్రయోగశాలల్లో పనిచేస్తున్న తెలుగు యువతకు అందుకే ఒక విన్నపం. నోట్‌బుక్‌లో కొలతలతో పాటు రసాయనం ఎవరి దగ్గర కొన్నారో, ఏ బ్యాచ్‌దో, కుప్పె మూత ఎంతసేపు తెరిచి ఉందో, నీళ్లు ఎక్కడివో కూడా రాయండి. ఘనాలు రావలసిన చోట తీగలు వచ్చిన రోజు పేజీని చింపకండి. పత్రం ప్రచురించేటప్పుడు ఆ వివరాలను అనుబంధంలోనైనా చేర్చండి. మీరు రాసిన ఆ చిన్న వివరమే మరో ఊళ్లో, మరో కుప్పె ముందు కూర్చున్న విద్యార్థికి తన ప్రయోగం ఎందుకు కుదరలేదో చెప్పవచ్చు.